1963 కప్పు ఎవరి ఖాతాలో వేయాలి: విండ్సర్‌దా, అసంప్షన్‌దా?

#1 నదికివతల

మా ఇంటి యజమానితో పందెం వేసుకుని ఇరుక్కుపోయాను. మధ్యవర్తులు కావాలి.

నేను ఉండేది ఒంటారియోలోని విండ్సర్‌లో, ఒక పెద్దాయన ఇంట్లో బేస్‌మెంటు అద్దెకు తీసుకుని. ఆయనకు ఎనభై దాటాయి. మొన్న శనివారం ఇద్దరం వాకిట్లో మంచు ఎత్తుతుంటే మాట బాస్కెట్‌బాల్ మీదికి మళ్లింది. ఊరి సంగతులు నాకూ తెలుసు అనిపించుకోవాలన్న ఉత్సాహంతో, "కెనడా విశ్వవిద్యాలయాల పురుషుల బాస్కెట్‌బాల్‌లో మొట్టమొదటి జాతీయ విజేతలు మన విండ్సర్ లాన్సర్లే కదా, 1963లో" అన్నాను. ఆయన పారను మంచులో గుచ్చి నిలబెట్టారు. "విండ్సర్ కాదు, అసంప్షన్. ఆ కప్పు గెలిచిన రోజుకి విండ్సర్ విశ్వవిద్యాలయం ఇంకా తలుపులే తెరవలేదు. నేను అక్కడ చదువుకున్నాను, నాకు చెబుతావా?" అన్నారు.

ఫోనులో వెతికితే చిక్కు ఇంకా బిగిసింది. ఒక జాబితాలో 1963 ఎదురుగా అసంప్షన్ అని ఉంది, ఇంకోదానిలో విండ్సర్ అని. విండ్సర్‌దే అనుకుంటే ఆ జట్టుకు మొత్తం ఐదు జాతీయ టైటిళ్లు: 1963, 1964, 1966, 1967, 1969. కాదనుకుంటే నాలుగే.

పందెం ఏమిటంటే, నేను ఓడితే ఈ చలికాలమంతా వాకిలి మంచు మొత్తం నేనే ఎత్తాలి. ఆయన ఓడితే నేను వండిన గుత్తివంకాయ కూర, కారం తగ్గించకుండా, నా ఎదురుగా కూర్చుని తినాలి.

#2 బెంచీవీరుడు

ఓడితే చాకిరీ మీది, గెలిస్తే వంట మీది. కప్పు సంగతి తర్వాత, పందెం వేయడం ఎలాగో ముందు ఎవరి దగ్గరైనా నేర్చుకోండి.

#3 పాతకాగితాలు

తేదీలు ముందు పెట్టుకుందాం, తగువు తర్వాత.

విండ్సర్ ఊళ్లోనే ఉన్న అసంప్షన్ కళాశాల 1857 నాటిది. తర్వాతి కాలంలో దాన్ని బాసిలియన్ ఫాదర్లు నడిపారు. చాలా ఏళ్లు వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండి, 1953లో సొంతంగా డిగ్రీలు ఇచ్చే హక్కు తెచ్చుకుంది. 1962 డిసెంబరులో, మతసంస్థలతో సంబంధం లేని కొత్త విండ్సర్ విశ్వవిద్యాలయం కోసం చట్టం వచ్చింది. అది పని మొదలుపెట్టింది 1963 జూలై 1న.

మొదటి జాతీయ టోర్నీ 1962-63 సీజన్‌ది. అంటే సీజన్ సగంలో చట్టం వచ్చింది, సీజన్ చివర కప్పు వచ్చింది, ఆ తర్వాత వేసవిలో గాని కొత్త విశ్వవిద్యాలయం రాలేదు. పెద్దాయన చెప్పిన మాటలో తప్పు లేదు.

కానీ మీకు కూడా ఒక ముక్క దొరుకుతుంది. 1956లోనే ఆ సంస్థ పేరు "అసంప్షన్ యూనివర్సిటీ ఆఫ్ విండ్సర్" అని మారింది. కాబట్టి కప్పు గెలిచిన రోజున పేరులో విండ్సర్ ఉంది. ఈ ముక్క పట్టుకుని వాదించండి.

#4 నదికివతల

@పాతకాగితాలు, ఇది బంగారం! సాయంత్రం ఆయనకు చెబుతాను.

#5 లెక్కల పుల్లయ్య

ఇందులో తగువేముంది? ఐదు. అంతే. హైదరాబాదు 1937-38లో రంజీ ట్రోఫీ గెలిచింది, అప్పుడు నిజాం గారి రాజ్యం. మళ్లీ 1986-87లో గెలిచింది, అప్పటికి అది ఆంధ్రప్రదేశ్ రాజధాని. ఇప్పుడు తెలంగాణ రాజధాని. ఎవరైనా హైదరాబాదుకు ఎన్ని రంజీలు అంటే రెండు అనే చెబుతాం గాని, ఒకటి నిజాముది, ఒకటి వేరొకరిది అంటామా? ఆడినవాళ్లు, ఆడిన చోటు, జట్టు వరస కొనసాగితే టైటిల్ కూడా కొనసాగుతుంది.

#6 డ్రిల్లు మాస్టారి కొడుకు

పుల్లయ్య గారూ, మీ పోలికలో హైదరాబాదు పేరు మారలేదు కదా. పేరు మారిన కేసు నేను చెబుతాను. మా అన్నయ్య వరంగల్ ఆర్‌ఈసీలో చేరాడు. 2002లో అది ఎన్ఐటీ అయింది. ఈనాటికీ వాడిని ఎక్కడ చదివావని అడగండి, "ఆర్‌ఈసీ" అంటాడు. ఎన్ఐటీ అని ఎవరైనా సరిదిద్దితే ముఖం చిన్నబుచ్చుకుంటాడు. మీ ఇంటి యజమాని బాధ నాకు అర్థమైంది. ఆయన లెక్క తప్పని కాదు, ఆయన కళాశాలను ఎవరో తుడిచేస్తున్నారని.

#7 బెంచీవీరుడు

మా బాబాయి కూడా అంతే. పెళ్లిచూపుల్లో "ఆర్‌ఈసీ" అన్నాడు, అవతలివాళ్లు అదేదో ప్రైవేటు కళాశాల అనుకుని లేచి వెళ్లిపోయారు. (ఇది నిజం. ఇప్పుడు ఆయనకు ఇద్దరు పిల్లలు, వేరే సంబంధంలో.)

#8 పాతకాగితాలు

ఆర్‌ఈసీ పోలిక బాగుంది గాని అతకదు. అక్కడ ఒకే సంస్థకు కొత్త బోర్డు తగిలించారు. ఇక్కడ అసంప్షన్ మాయం కాలేదు. కొత్త విశ్వవిద్యాలయం పుట్టాక దానిలో సమాఖ్య సభ్యసంస్థగా అసంప్షన్ అదే పేరుతో కొనసాగింది, ఇప్పటికీ ఉంది. కాబట్టి ఇది పేరుమార్పు కాదు, పంపకం. ఉమ్మడి కుటుంబంలో ఆవు ఒకరికి, గుంజ ఒకరికి పోయినట్టు. లాన్సర్లు అనే జట్టూ పేరూ విండ్సర్ వాటాకు వచ్చాయి. అసంప్షన్ అనే పేరు మాత్రం అసలు ఇంట్లోనే మిగిలింది.

#9 సాస్కటూన్ చలి

పంపకాల గురించి తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? 2014 చట్టంలో తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు సంస్థల తగువులు ఎన్నేళ్లు చూశాం! ఆ లెక్కన ఈ కప్పును 58:42 నిష్పత్తిలో పంచేయండి.

#10 నిర్వాహకుడు

రాష్ట్ర విభజన మీద ఇక్కడితో ఆపండి. ఆట గురించే.

#11 హాలిఫాక్స్ హైమ

అందరూ విండ్సర్, విండ్సర్ అని జపం చేస్తున్నారు. అట్లాంటిక్ వైపు ఒక్కసారి చూడండి. నోవా స్కోషియాలో వుల్ఫ్‌విల్ అనే చిన్న ఊరు. ఊరంతా నడిచి చూడటానికి ఒక సాయంత్రం చాలు, ఆపిల్ తోటల మధ్య ఉంటుంది. అక్కడి అకేడియా విశ్వవిద్యాలయం 1965లో జాతీయ కప్పు పట్టుకెళ్లింది. విండ్సర్ వరసగా రెండు గెలిచి ఊపు మీద ఉన్నప్పుడు, మధ్యలో అడ్డుపడింది ఈ పల్లెటూరి కళాశాల. అప్పటి కోచ్ స్టూ అబర్డీన్ తర్వాత అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయానికి వెళ్లి, పెద్దపెద్ద ఆటగాళ్లను ఆ జట్టులోకి తెచ్చాడు. అకేడియా మళ్లీ 1971లో, 1977లో గెలిచింది. మా హాలిఫాక్స్‌లోని సెయింట్ మేరీస్ 1973, 1978, 1979లో గెలిచింది.

మా ఆయన నాతో తొలిసారి సెయింట్ మేరీస్ ఆట చూడటానికి వచ్చినప్పుడు "ఇక్కడ హాకీ తప్ప ఇంకేమీ ఆడరనుకున్నాను" అన్నారు. ఆ మాట మా పక్క సీటు ముసలావిడకు అర్థమయ్యేలా నేను అనువాదం చేయకపోవడం ఆయన అదృష్టం.

#12 లెక్కల పుల్లయ్య

హైమ గారు మొదలుపెట్టారు కాబట్టి నేను ముగిస్తాను. 1963 నుంచి 1979 దాకా పదిహేడు టైటిళ్లు. విండ్సర్ ఐదు (పెద్దాయన క్షమించాలి). అకేడియా మూడు, సెయింట్ మేరీస్ మూడు, యూబీసీ (బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం) రెండు, అంటే 1970, 1972. తలా ఒకటి: వాటర్లూ లూథరన్ 1968, గ్వెల్ఫ్ 1974, వాటర్లూ 1975, మానిటోబా 1976. మొత్తం సరిపోయింది. ఒంటారియోకు ఎనిమిది, అట్లాంటిక్ రాష్ట్రాలకు ఆరు, పశ్చిమానికి మూడు. క్యూబెక్‌కు సున్నా.

#13 సాస్కటూన్ చలి

సరే, మీకు నచ్చనిది చెబుతాను. ఆ మొదటి ఏళ్ల టోర్నీని "జాతీయం" అనడమే నాకు కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. దేశం సైజు చూడండి. విండ్సర్ కుర్రవాళ్లకు పక్క ఊరి విశ్వవిద్యాలయంతో ఆడటానికి బస్సు చాలు. వాంకూవర్ నుంచి బయల్దేరిన జట్టు మూడు టైమ్ జోన్లు దాటి వచ్చి, కళ్లు నులుముకుంటూ ఆడాలి. పశ్చిమాన సెల్కిర్క్ పర్వతాల్లోని రోజర్స్ పాస్ దగ్గర ట్రాన్స్ కెనడా హైవేను లాంఛనంగా ప్రారంభించింది 1962 సెప్టెంబరులో. ఆలోచించండి, దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి రోడ్డు వేశామని చెప్పుకున్న అదే చలికాలంలో మొదటి జాతీయ బాస్కెట్‌బాల్ సీజన్ జరిగింది! పశ్చిమానికి మొదటి కప్పు రావడానికి 1970 దాకా పట్టిందంటే ఆట రాక కాదు.

ఇంకో సంగతి. విండ్సర్‌కు నది దాటితే డెట్రాయిట్. అక్కడి పాఠశాలల ఆట, అక్కడి కోచ్‌లు, అక్కడి పోటీ. మిగతా కెనడా పిల్లలు మంచులో హాకీ కర్ర పట్టుకుని పెరిగితే, వీళ్లు నది అవతలి ఆట చూసి పెరిగారు. అసలు పోటీ ఎక్కడ సమానం?

#14 నదికివతల

నది "దాటితే" అనకండి. విండ్సర్ నుంచి డెట్రాయిట్‌కు ఉత్తరానికి వెళ్లాలి. కెనడాలో ఉండి అమెరికాకు ఉత్తరానికి వెళ్లడం ఇక్కడ కుదురుతుంది. నేను వచ్చిన కొత్తలో మా అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తూ ఎంత చెప్పినా నమ్మలేదు.

#15 పాతకాగితాలు

@సాస్కటూన్ చలి, దూరం గురించి మీ మాటకు నేను తల ఊపుతాను. అందుకే 1963 దాకా జాతీయ పోటీ లేకుండా పోయింది. 1906లో పుట్టిన పాత సంఘం ఒంటారియో, క్యూబెక్ విశ్వవిద్యాలయాల వరకే పరిమితం. అది 1955లో ఆగిపోయింది. దేశమంతటికీ వర్తించే విశ్వవిద్యాలయ క్రీడల సంఘం సీఐఏయూ 1961లో ఏర్పడింది. అదే ఏడు కేంద్రం శారీరక దృఢత్వం, ఔత్సాహిక క్రీడల చట్టం తెచ్చి, ఏటా యాభై లక్షల డాలర్ల వరకు ఖర్చు పెట్టవచ్చని రాసుకుంది. ఆ డబ్బు తిన్నగా ఈ టోర్నీకి వచ్చిందని నేను అనడం లేదు, కాలం అలాంటిదని అంటున్నాను. హాకీలో కూడా మొదటి సీఐఏయూ జాతీయ కప్పు 1963లోనే, మెక్‌మాస్టర్ గెలిచింది.

డెట్రాయిట్ వాదన మాత్రం ఒప్పుకోను. విండ్సర్‌కు సొంత చరిత్ర ఉంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ మొదటిసారి పతకాల ఆటగా వచ్చినప్పుడు, కెనడా తరఫున వెళ్లిన జట్టుకు వెన్నెముక విండ్సర్ ఫోర్డ్ వీ-8స్. కార్ల కంపెనీ పేరుతో ఆడిన జట్టు! ఫైనల్ ఆరుబయట, మట్టి కోర్టు మీద, వానలో జరిగింది. బురదలో బంతి ఎగరదు, డ్రిబ్లింగ్ ఎక్కడిది? అమెరికా 19, కెనడా 8. ఆ వెండి పతకమే ఈనాటికీ కెనడా పురుషుల జట్టుకు ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్‌లో ఉన్న ఏకైక పతకం. మీ పెద్దాయన పుట్టకముందే ఆ ఊళ్లో ఈ ఆట వేళ్లూనింది.

#16 హాలిఫాక్స్ హైమ

అమెరికావాళ్ల సాయం అంటే మా వైపు కూడా ఉంది, దాచడం ఎందుకు? 1960ల చివర అకేడియా తరఫున మౌంట్ ఆలిసన్ విశ్వవిద్యాలయంపై ఒకే ఆటలో 74 పాయింట్లు కొట్టిన బ్రయన్ హీనీ న్యూయార్క్ కుర్రవాడు. మూడు పాయింట్ల గీత అప్పట్లో లేదు, అన్నీ రెళ్లూ ఒకట్లే. తర్వాత సెయింట్ మేరీస్‌కు కోచ్‌గా వచ్చాడు. పుట్టింది ఎక్కడైతే ఏమి, ఆ తర్వాత నోవా స్కోషియా ఆటకు ఆయన పెద్ద దిక్కయ్యాడు.

#17 బెంచీవీరుడు

ఒక్కడే 74. నేను మా కళాశాల జట్టులో ఉన్న మూడేళ్లలో మొత్తం 11. అందులో రెండు మా బుట్టలోనే వేసుకున్నవి.

#18 గోదారిగట్టు

నాకు ఒక సందేహం. 1963కు ముందు కెనడాలో విశ్వవిద్యాలయాలు అసలు ఆడనే లేదా? ఆట కనిపెట్టింది కెనడా ఆయనే అంటారు కదా.

#19 డ్రిల్లు మాస్టారి కొడుకు

@గోదారిగట్టు, ఈ ప్రశ్న మా నాన్నగారి ముందు అడిగి ఉంటే మీకు మధ్యాహ్నం భోజనం దాటిపోయేది.

జేమ్స్ నైస్మిత్ ఒంటారియోలో ఆల్మంట్ అనే ఊరి దగ్గర పుట్టాడు, 1861లో. మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో చదివాడు, అక్కడే వ్యాయామం నేర్పాడు. ఆ తర్వాత అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు, వైఎంసీఏ శిక్షణ పాఠశాలకు వెళ్లాడు. 1891 డిసెంబరులో, చలికి లోపలే ఉండి విసిగిపోయిన కుర్రవాళ్ల కోసం పీచ్ పళ్ల బుట్టలు రెండు వ్యాయామశాల పిట్టగోడకు కొట్టించి, పదమూడు నియమాలు రాసి ఆడించాడు. ఆ పిట్టగోడ ఎత్తు పది అడుగులు. ఈనాటికీ రింగు పది అడుగులే.

నాన్నగారు మద్రాసు వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలలో శిక్షణ పొందారు. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మొదలుపెట్టిన కళాశాల అది. మన జిల్లా పరిషత్ పాఠశాలల పాతతరం డ్రిల్లు మాస్టార్లలో అక్కడ తర్ఫీదైనవాళ్లు కొందరు ఉండేవారు. మా స్కూల్లో రింగు ఉండేది గాని వల లేదు. బంతి లోపలి నుంచి వెళ్లిందా, పక్క నుంచి వెళ్లిందా అని రోజూ కొట్లాట. నాన్నగారి దగ్గర ఒక వెదురు గడ, పది అడుగుల దగ్గర ఎర్ర రంగు గీత. ఏటా స్కూలు తెరిచిన రోజున గడ పట్టుకెళ్లి రింగు ఎత్తు కొలిచేవారు. రింగు ఎక్కడికి పోతుందండీ అని అడిగితే, "స్తంభం కూరుకుపోతుంది, నేల పెరుగుతుంది, నువ్వు కూడా పెరిగావు, నీకు ఎలా తెలుస్తుంది?" అనేవారు.

#20 గోదారిగట్టు

మీ నాన్నగారికి నమస్కారాలు. ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది :)

#21 పాతకాగితాలు

నేను అందుకుంటాను. కెనడాలో మొదటి విశ్వవిద్యాలయాల మధ్య ఆట 1904 ఫిబ్రవరి 6న కింగ్‌స్టన్‌లో జరిగింది. క్వీన్స్ మీద మెక్‌గిల్ గెలిచింది, 9-7. అది కూడా అదనపు సమయంలో.

#22 బెంచీవీరుడు

అదనపు సమయం కూడా కలుపుకుని రెండు జట్లకూ కలిపి పదహారు పాయింట్లా? మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో నిర్ణయాలు ఇంతకంటే చురుగ్గా జరుగుతాయి.

#23 పాతకాగితాలు

నవ్వకండి. అప్పట్లో ప్రతి బుట్ట పడ్డాక బంతిని మళ్లీ నడిమధ్యకు తెచ్చి జంప్ బాల్ వేసేవారు, అంటే ఇద్దరి మధ్య పైకి ఎగరేసేవారు. బంతి పట్టుకుని ఎంతసేపు తిప్పినా అడిగే గడియారం లేదు. గెలుస్తున్న జట్టు బంతిని దాచుకుని కూర్చోవచ్చు. బుట్ట తర్వాతి జంప్ బాల్ 1930ల చివరికి గాని పోలేదు. 30 సెకన్లలోపు బుట్టకు గురిపెట్టాలన్న నియమం అంతర్జాతీయ ఆటలోకి 1956లో వచ్చింది. ఆ 9-7 మన కాలపు 90-87 లాంటిదే, చెమట పరంగా.

ఇందులో ఒక వింత ఉంది. నైస్మిత్ చదివిన మెక్‌గిల్, ఆ మొదటి ఆట గెలిచిన మెక్‌గిల్, పురుషుల జాతీయ కప్పు ఒక్కసారి కూడా గెలవలేదు. క్యూబెక్‌కు మొదటి కప్పు 1990లో కాంకోర్డియా తెచ్చింది. పుల్లయ్య గారి సున్నాకు అదీ నేపథ్యం.

#24 లెక్కల పుల్లయ్య

వింతకు వింత: నైస్మిత్ తర్వాత అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి కోచ్ అయ్యాడు. గెలిచినవి 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయన ఒక్కడే. ఆట కనిపెట్టినవాడు!

#25 డ్రిల్లు మాస్టారి కొడుకు

నాన్నగారికి ఇది చెప్పలేను.

#26 వాటర్లూ వాణి

చర్చ పురుషులదే కాబట్టి ఊరుకున్నాను గాని, ఒక మాట. ఎడ్మంటన్ గ్రాడ్స్ మహిళల జట్టు 1915 నుంచి 1940 దాకా ఆడి 502 ఆటలు గెలిచి, 20 ఓడిందని లెక్క. విశ్వవిద్యాలయ మహిళలకు జాతీయ టోర్నీ మాత్రం పురుషుల తర్వాత దాదాపు పదేళ్లకు, 1972లో వచ్చింది. "మొదటి జాతీయ విజేత" అని మీరు కొట్టుకుంటున్న మాటలో సగం దేశం లేదు.

ఇక పుల్లయ్య గారి జాబితాలో "వాటర్లూ 1975" అని ఒక ముక్కలో దాటిపోయింది. దాని గురించి నేను చెప్పాలి. నేను వాటర్లూలో చదువుకునేటప్పుడు వ్యాయామశాలకు వెళ్లే దారిలో ఆ జట్టు ఫోటో ముందు చాలాసార్లు ఆగాను. ఆ జట్టులో మైక్ మోజర్ అని గొప్ప ఆటగాడు, జాతీయ జట్టుకు కూడా ఆడినవాడు. 1975 జనవరిలో, సీజన్ మధ్యలో, జట్టుతో ఫ్లోరిడా వెళ్లినప్పుడు చనిపోయాడు. ఇరవై రెండేళ్లు. రెండు నెలలకు జాతీయ టోర్నీ వాటర్లూలోనే జరిగింది. వాళ్లు గెలిచారు. ఇప్పుడు ప్రతి ఏడూ దేశంలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బహుమతి మోజర్ పేరుతోనే ఇస్తారు. ఎవరి గదిలో తోటివాడి కుర్చీ ఖాళీ అయిందో, ఆ గదిలో ఎవరు ఎలా చదువుకున్నారో నాకు తెలియదు గాని, ఆ ఫోటోలో ఎవరూ నవ్వుతున్నట్టు నాకు అనిపించేది కాదు.

#27 నదికివతల

వాణి గారూ, ఇది నాకు తెలియదు. చెప్పినందుకు కృతజ్ఞతలు.

#28 సాస్కటూన్ చలి

నేనూ చదివాను. పోలికలన్నీ పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను.

మళ్లీ తగువుకు వస్తాను, క్షమించండి. @పాతకాగితాలు, 1936 జట్టు విండ్సర్‌ది అన్నారు. సగం ఒప్పుకుంటాను. అందులో విక్టోరియా కుర్రవాళ్లు కూడా ఉన్నారు, పసిఫిక్ తీరం నుంచి. తర్వాత అదే విక్టోరియా ఏం చేసిందో చూడండి: 1980 నుంచి 1986 దాకా వరసగా ఏడు కప్పులు, కెన్ షీల్డ్స్ కోచ్. మీ విండ్సర్ ఐదుకు ఏడేళ్లు పట్టింది, మధ్యలో రెండు జారవిడిచారు. మావాళ్లు ఏడేళ్లలో ఏడు.

#29 హాలిఫాక్స్ హైమ

మీరు సాస్కటూన్‌లో ఉండి విక్టోరియాను "మావాళ్లు" అంటారా? మధ్యలో రెండు రాష్ట్రాలు, ఒక పర్వతశ్రేణి, సముద్రం మీద ఒక ఓడ ప్రయాణం ఉన్నాయి.

#30 సాస్కటూన్ చలి

ఇక్కడ మైనస్ ముప్ఫైఐదులో కూర్చున్నవాడికి విక్టోరియా పేరు తలుచుకోవడమే హీటర్. మీరు అడ్డుపడకండి.

పైగా మాకు సొంతది కూడా ఉంది, 2010, సాస్కచ్వాన్ విశ్వవిద్యాలయం.

#31 లెక్కల పుల్లయ్య

ఏడు, ఐదు అని పోల్చుకుంటున్నారు. కార్ల్‌టన్ 2011 నుంచి 2017 దాకా ఏడు వరసగా గెలిచింది, 2003 నుంచి 2007 దాకా ఐదు వరసగా గెలిచింది. కావలసిన సంఖ్య తీసుకోండి, రెండూ ఒట్టావాలోనే దొరుకుతాయి.

#32 పాతకాగితాలు

కార్ల్‌టన్ కాలంలో విమానాలు, వీడియోలు, పూర్తికాలం కోచ్‌లు ఉన్నారు. 1960లలో అవి ఎక్కడ? వరసగా గెలవడం ఎప్పుడూ కష్టమే. కానీ పోటీ పద్ధతే ఇంకా కుదురుకోని రోజుల్లో, ఏ ప్రాంతం ఎంత గట్టిదో ఎవరికీ తెలియని రోజుల్లో గెలవడం ఇంకో రకం కష్టం. యూబీసీకి 1970లోనూ 1972లోనూ కప్పు తెచ్చిన పీటర్ మల్లిన్స్‌ను చూడండి. ఆస్ట్రేలియావాడు, 1948 లండన్ ఒలింపిక్స్‌లో డెకాథ్లాన్ ఆడినవాడు. పరుగు, దూకుడు, విసురుడు అన్నీ వచ్చినవాణ్ణి తెచ్చి బాస్కెట్‌బాల్ అప్పగించారు. అప్పటి వ్యవస్థ అంత సరదాగా ఉండేది.

#33 డ్రిల్లు మాస్టారి కొడుకు

మా స్కూల్లో కూడా అంతే. కబడ్డీ, వాలీబాల్, బాస్కెట్‌బాల్, ఆగస్టు పదిహేను కవాతు, ఎన్నికల డ్యూటీ, అన్నిటికీ ఒక్కరే.

#34 నదికివతల

నివేదిక సమర్పిస్తున్నాను.

నిన్న రాత్రి పైకి వెళ్లి 1956 పేరు గురించి చెప్పాను: "అప్పటికే పేరులో విండ్సర్ ఉంది కదా" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "'ఆఫ్ విండ్సర్' అంటే ఊరు. నువ్వు రాజమండ్రి నుంచి వచ్చావు. నీ పేరు రాజమండ్రా?" అన్నారు. (మా ఊరి పేరు ఆయన నోట ఎలా పలికిందో రాయలేను.)

తర్వాత పంపకం మాట, ఆవు, గుంజ, అన్నీ అనువాదం చేసి చెప్పాను. దానికి మాత్రం చాలాసేపు ఆలోచించారు. లోపలికి వెళ్లి పాత స్వెటర్ ఒకటి తెచ్చారు, ఊదా రంగు, మోచేతుల దగ్గర చిరుగులు, ఛాతీ మీద పెద్ద 'ఏ' అక్షరం. "1963 చలికాలంలో ఇది తొడుక్కుని కూర్చున్నాను. అదే ఏడు సెప్టెంబరులో తరగతులు మొదలయ్యాయి. అదే భవనం, అదే జిమ్ము, జట్టులో చాలావరకు అవే ముఖాలు. కొత్త స్వెటర్ కొనుక్కోమన్నారు. నేను కొనలేదు" అన్నారు.

అప్పుడు అడిగాను, "మరి 1964 కప్పుకి చప్పట్లు కొట్టారా?" అని. "కొట్టకుండా ఉంటానా! మావాళ్లే కదా ఆడింది!" అన్నారు.

#35 లెక్కల పుల్లయ్య

దొరికిపోయారు! "మావాళ్లే" అన్నారు! ఐదు!

#36 డ్రిల్లు మాస్టారి కొడుకు

పుల్లయ్య గారూ, ఆ మాటకు అర్థం మీరు అనుకున్నది కాదు. విండ్సర్ కప్పును ఆయన అసంప్షన్ ఖాతాలో వేసుకుంటున్నారు. ఆయన లెక్కలో అసంప్షన్‌కు ఐదు, విండ్సర్‌కు సున్నా.

#37 బెంచీవీరుడు

హహ్హహ్హ. నదికివతల గారూ, పార పదును పెట్టించుకోండి.

#38 నదికివతల

అదే భయంగా ఉంది. నేను "అయితే ఎవరు గెలిచినట్టు?" అంటే ఆయన కిటికీలోంచి బయటకు చూసి, "రేపు ఇరవై సెంటీమీటర్లు పడుతుందట" అన్నారు. కానీ ఆదివారం వంకాయ కూరకు వస్తానని ఆయనే చెప్పారు. కారం గురించి నేను ఏమీ చెప్పలేదు.

#39 హాలిఫాక్స్ హైమ

పెరుగు దగ్గర పెట్టుకోండి. ఎనభై దాటిన మనిషి.

#40 గోదారిగట్టు

రాజమండ్రా! మీరు మా ఊరివారా? ఏ వీధి?

#41 కిచెనర్ కిరణ్

ఆలస్యంగా చదివాను. నేను లారియర్‌లో చదివాను. పుల్లయ్య గారి జాబితాలో "వాటర్లూ లూథరన్ 1968" అని ఉంది. 1973లో వాటర్లూ లూథరన్ పేరే విల్‌ఫ్రిడ్ లారియర్ అని మార్చారు, ఆంగ్లంలో పొడి అక్షరాలు మూడూ అవే ఉండేలా చూసుకుని మరీ. కాబట్టి ఆ కప్పు లారియర్ అని రాయాలా, వద్దా?

#42 నిర్వాహకుడు

దానికి వేరే చర్చ తెరవండి.

#43 బెంచీవీరుడు

పందెం ముందే రాసుకోండి. వంకాయ వద్దు.